మోచేతి కొలత

సూరారంలో రాధమ్మ ఇంటి గడప మీద మధ్యాహ్నపు ఎండ జానెడు మేర పడుతుంది. ఆ జానెడులో పాదాలు పెట్టుకుని, ఒళ్ళో బీరపువ్వు రంగు ఊలు ఉండ పెట్టుకుని ఆమె అల్లుతోంది. చేతుల్లో రెండు సూదులు. మూడోది విరిగిన సైకిల్ పుల్ల. మూడు కుట్లు పుల్ల మీదికి తీసి ముందుకు వదిలేయాలి. తర్వాతి మూడింటినీ సూదితో అల్లాలి. ఆ తర్వాత పుల్ల మీద ఆగిన వాటిని వెనక్కి తెచ్చుకోవాలి. ఒక మెలిక పడుతుంది. మెలిక మీద మెలిక పడుతూ పోతే జడ అవుతుంది.

పక్కింటి దుర్గాబాయి చాటలో బియ్యం ఏరుతూ ఆ చేతుల్నే చూస్తోంది. భర్త మిలిట్రీలో ఉన్నప్పుడు ఎక్కడో చలి ఊళ్ళ క్వార్టర్లలో ఆమె నేర్చుకున్న పని ఇది. సీదా, ఉల్టా అని రెండే మాటలతో రాధమ్మకు నేర్పింది.

"గంత గుంజి అల్లకు రాధా. కోపమంత కుట్ల మీద జూపెడ్తవా?"

"నాకేం కోపం దుర్గక్కా."

"మరి సూదులు కిర్రుకిర్రుమంటున్నయేంది?" దుర్గాబాయి ఒక రాయి తీసి వీధిలోకి విసిరింది. "ఇంతకు కొలత ఏడికెల్లి దెచ్చినవ్?"

రాధమ్మ సూదులు ఒళ్ళో పెట్టింది. రెండు చేతులూ ముందుకు చాపి గాలిని చుట్టింది. కుడి చేతి నడిమి వేలు తెచ్చి ఎడమ మోచేతి మడతలో ఆనించింది.

"గింత."

"గదేం కొలతే! టేపు వెట్టి కొలుస్తరు గని గాలిని కావలించుకుంటరా?"

రాధమ్మ నవ్వలేదు. వేలు మడతలోంచి తీయడానికి కాస్త ఆలస్యం చేసింది.

మొన్న బోనాల నాడు అత్తగారి ఊరు అలియాబాద్‌లో వీధి మలుపు దగ్గర పోతరాజు కొరడా ఝళిపిస్తూ ఎదురొచ్చాడు. శృతి బెదిరిపోయి, ఎవరు దగ్గరుంటే వాళ్ళను గట్టిగా పట్టుకుంది. దగ్గరున్నది రాధమ్మ. డప్పులు దాటిపోయే దాకా పిల్ల ఆమె చీర కుచ్చిళ్ళలో ముఖం దాచుకుంది. రాధమ్మ చేతులు వాటంతటవే పిల్లను చుట్టేశాయి. వేలు మోచేతి మడతలో ఆగింది. చప్పుడు దూరమయ్యాక శృతి తలెత్తి చూసి, "అయ్యో, నువ్వా చిన్నమ్మా! మా అమ్మనుకున్న" అని నవ్వింది. నవ్వి, జయమ్మ దగ్గరికి ఉరికింది. పోతూ పోతూనే, తమ టీచర్ స్వెటర్ మీద నిలువునా జడలుంటాయని, అలాంటిది ఎవరికీ లేదని చెప్పింది.

శృతిని కన్నది రాధమ్మ. పిల్లలు లేని తోడికోడలు జయమ్మ ఒళ్ళో ఆ పిల్లను వేసిన నాడు అత్త సత్తమ్మ రెండు మాటలు చెప్పింది. "నీకు వయసున్నది, మల్ల కంటవు" అన్నది ఒకటి. "ఒళ్ళె ఏసినంక కన్నచెయ్యి బట్ట వెట్టొద్దు. బట్ట వెడితే బిడ్డను వాపస్ అడిగినట్టే" అన్నది రెండోది. మొదటి మాట నిజం కాలేదు. రెండో మాటను రాధమ్మ ఇన్నేళ్ళూ కాపాడుతూనే వచ్చింది. పిల్లకు పలక తీసుకుపోయింది. గాజులు తొడిగింది. జామపండ్లు సంచి నిండా మోసుకుపోయింది. చేతి రుమాలంత గుడ్డ మాత్రం ఇవ్వలేదు.

ఇదంతా దుర్గాబాయికి తెలుసు. అందుకే అడిగింది. "మరి గిదేంది? బట్ట గాదా?"

"గాదు. ఊలు బట్టెట్లయితది? మా అత్తనే చెప్తది. గొంగడి బట్ట గాదు, దానికి మైల లేదు, అంటు లేదు అని. మల్లన్న దేవుడు దాని మీదనే కూసుంటడు. మేం గొర్లు గాసే కుర్మోళ్ళం. మాకు ఊలంటే ఊలే."

"మంచి వకీల్ సాబ్ దొరికిండు నీకు" అంది దుర్గాబాయి. చాట ఒకసారి చెరిగి, పొట్టు ఊదింది.

*

వీపు భాగం పూర్తయిన సాయంత్రం రాధమ్మ గూట్లోంచి పాత గొంగడి తీసింది. భర్త లింగస్వామి డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"జర గిది వట్టు."

గొంగడిని గుండ్రంగా చుట్టి నిలబెట్టమంది. అతను ఎందుకని అడగకుండా పట్టుకున్నాడు. రాధమ్మ దగ్గరికి వచ్చి ఆ చుట్టను కావలించుకుంది. కుడి వేలు మడత దాకా రాలేదు.

"లావయింది. ఒక చుట్టు దియ్యి."

తీశాడు. మళ్ళీ కావలించుకుంది. ఈసారి వేలు మడత దాటి పైకి పోయింది. "అర చుట్టు వెయ్యి" అంది. వేశాడు. ఈసారి వేలు సరిగ్గా మడతలో ఆగింది. ఆమె చెంప గొంగడి గరుకు మీద ఆనింది. లింగస్వామి చుట్టను అలాగే పట్టుకుని ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. గోడ మీద ఏమీ లేదు.

"ఇప్పటికి పెరిగి ఉండదా?" అంది ఆమె, చెంప తీయకుండానే.

"మొన్న అలియాబాద్ వొయినప్పుడు జూసిన గద. పొడుగు వెరిగింది. నా డొక్కల దాక అచ్చింది. ఒళ్ళు రాలే. పొద్దుగాల ఆటో కోసం నిలవడి గజగజ వణుకుతాంది. వదిన షాలు గప్పుతది. ఆటో ఎక్కేటాలకు జారిపోతది."

"పొడుగు ఎంత?"

అతను తన డొక్క మీద చెయ్యి పెట్టి చూపించాడు. రాధమ్మ ఆ చోటు వేలితో తాకి చూసి, తల ఊపింది.

చుట్టను తాడుతో కట్టి, రెండు పక్కలా సుద్దతో గీతలు పెట్టింది. వీపు భాగాన్ని గీత నుంచి గీతకు పరిచింది. నాలుగు వేళ్ళు తక్కువ వచ్చింది. లాగి చూసింది. లాగితే జడలు సాగి చదునైపోయాయి. వదిలితే మళ్ళీ దగ్గరికి ముడుచుకున్నాయి.

గోడ అవతల నుంచి దుర్గాబాయిని పిలిచి చూపించింది.

"జడ ఏస్తే అల్లిక లోపటికి గుంజుకుంటది. సాదాగ అల్లి కొల్చుకున్నవా? జడకు ఇంకిన్ని కుట్లు ఎక్కువ వెట్టుకోవాలె. చెప్పలేనా?"

"చెప్పలే."

"చెప్పిన. నువ్వు ఇనలే."

రాధమ్మ కొస వెతికి పట్టుకుని లాగింది. ఇన్నాళ్ళు ఎక్కిన వరసలు ఒక్కొక్కటే టకటకమని దిగిపోయాయి. ఊలు మెలికలు మెలికలుగా ఒళ్ళో కుప్ప పడింది. ఊడిన ప్రతి పోగుకూ అల్లిక గుర్తు మిగిలి ఉంది. దుర్గాబాయి ఆ కుప్పను చూసి, "తడిపి, పొడుగ్గ చుట్టి లడి కట్టి, కింద బరువు కట్టి ఆరేయి. మెలిక వోతది" అంది.

మర్నాడు పొద్దున తడిపి, అడుగున ఇనుప తాళం కట్టి దండెం మీద వేసింది. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన లింగస్వామి ఆ లడిని రెండు వేళ్ళతో నలిపాడు.

"గొంగడి తడిస్తే మూడొద్దులు ఆరదు. గిదేంది గింత జల్దీ ఆరింది?"

"సన్నటి ఊలు. ఆరదా మరి?" అంది రాధమ్మ. మాట కాస్త గట్టిగానే వచ్చింది. అతను చెయ్యి తీసి కంచం ముందు కూర్చున్నాడు.

*

కుట్లు పెంచితే ఊలు చాలలేదు. ఇంకో రెండు ఉండలకూ గుండీలకూ మేడ్చల్ పోయింది. బజారులో ఊలు అమ్మే దుకాణం ఒక్కటే. గల్లా మీద కూర్చున్నాయన అదే రంగు ఉండలు వెతికి ముందు వేశాడు.

"అన్నా, అసలు ఊలేనా గిది?"

"ఊలు గాకపోతే ఏందమ్మా? దూదా? ముట్టుకో, ఎంత మెత్తగున్నదో."

ముట్టుకుంది. మెత్తగానే ఉంది. గొంగడి ఇంత మెత్తగా ఉండదు. అది తలలో మెదిలింది. మెదిలిన దాన్ని పక్కకు తోసి, గుండీల డబ్బా తన వైపు లాక్కుంది. గోధుమ రంగువి, నాలుగు బొక్కలవి ఏరింది. వేలి కొసలతో ఒక్కోదాని అంచు తడిమింది. గరుకు తగిలిన దాన్ని తిరిగి డబ్బాలో వేసింది.

బస్టాండ్ దగ్గర బడి విడిచిన పిల్లలు గుంపులుగా వస్తున్నారు. రాధమ్మ బస్సు వదిలేసి నిలబడింది. శృతి ఈడు పిల్లల భుజాలు చూసింది. కొందరివి మొగ్గల్లా ముడుచుకుని ఉన్నాయి. కొందరివి అప్పుడే వెడల్పయ్యాయి. చేతులు ఎక్కడి దాకా వస్తున్నాయి, మణికట్టు ఎంత లావుంది, వంగితే వీపు ఎంత బయటపడుతోంది అని చూసింది. ఒక పిల్ల ఆగి, "ఏందమ్మా గట్ల జూస్తున్నవ్?" అంది. "ఏంలేదు బిడ్డా" అని రాధమ్మ మొహం తిప్పుకుంది. తర్వాతి బస్సులో స్వెటర్ చేతుల పొడవు రెండు వేళ్ళ మేర పెంచాలని నిశ్చయించుకుంది. ఇంటికొచ్చే లోపు, రెండు వేళ్ళు ఎక్కువవుతుందేమో, ఒకటిన్నర చాలు అనుకుంది.

వారం పది రోజులు ఆ ఇంట్లో కూర సరిగా ఉడకలేదు. రెండు ముందు భాగాలు, చేతులు, మెడ పట్టీ అన్నీ విడివిడిగా తయారయ్యాయి. కలిపి కుట్టి, తాడు కట్టిన గొంగడి చుట్టకు తొడిగి గుండీలు పెట్టింది. పెట్టాక నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. తల లేని పిల్ల ఒకటి గోడకు ఆని నిలబడినట్టుంది. గుండీల దగ్గర ఎక్కడా నోరు తెరవలేదు. జడలు నిలువునా జారాయి. అయినా మళ్ళీ ఒకసారి పోయి కావలించుకుంది.

*

అలియాబాద్‌లో మల్లన్న పండుగ ఆదివారం పడింది. కంపెనీలో లింగస్వామికి సెలవు ఇవ్వలేదు. రాధమ్మ ఒక్కతే బయలుదేరింది. స్వెటర్‌ను మడిచి, కొత్త ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని చేతి సంచి అడుగున పెట్టింది. శామీర్‌పేట దాటాక రోడ్డుకు రెండు వైపులా పొలాల్లో ప్లాట్ల హద్దులకు తెల్ల రాళ్ళు పాతి ఉన్నాయి. వాటిలో కొన్ని జయమ్మ భర్త, బావ కుర్మయ్య పాతించినవే.

వాకిట్లో రంగుల పొడులతో దేవుడి ముగ్గు, పట్నం వేశారు. నల్ల గొంగడి పరిచి, పసుపు బండారి చల్లి, దాని మీద దేవుణ్ణి నిలిపారు. పూజ అయి, తిండ్లయి, మగవాళ్ళు కుర్మయ్యతో పాటు పొలం వైపు పోయారు. ఆడవాళ్ళు మూడు రాళ్ళ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. నిప్పులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. సత్తమ్మ పొయ్యికి దగ్గరగా జరిగి చేతులు కాచుకుంటోంది. ఆమె కళ్ళకు పొర వచ్చి చాలా కాలమైంది. మనుషుల్ని గొంతుతో, వస్తువుల్ని వేళ్ళతో పోల్చుకుంటుంది.

"ఏందే రాధా, సంచి ఒళ్ళెకెల్లి దించుతలేవ్? బంగారం దెచ్చినవా?" అంది జయమ్మ, కంచాలు ఒక దగ్గర పేరుస్తూ.

"బంగారం గాదక్కా." రాధమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. తీస్తుంటే ప్లాస్టిక్ కవరు చప్పుడుకు శృతి ఉరికొచ్చింది.

పిల్ల ఒక్క చూపులో గుర్తుపట్టింది. "జడలు! అమ్మా, టీచర్ స్వెటరే. గా జడలే!"

తొడుక్కుంది. రాధమ్మ తన చేతులు చీర కొంగు కింద పెట్టుకుని చూసింది. భుజం కుట్టు భుజం మీదే కూర్చుంది. చెయ్యి మణికట్టు ఎముక దగ్గర ఆగింది. పిల్ల కింది నుంచి పైకి గుండీలు పెట్టుకుంది. అన్నీ పట్టాయి. రెండు చేతులూ పైకెత్తింది. నడుము బయటపడలేదు. గిర్రున ఒక చుట్టు తిరిగింది.

రాధమ్మ చేతులు కొంగు కింది నుంచి బయటికి వచ్చాయి.

"చిన్నమ్మా, నా కొలత నీకెట్ల దెల్సింది? మా అమ్మ దర్జీకి ఇస్తే ఎప్పుడు లూజే అయితది. గిది ఎంత మంచిగ వట్టిందో సూడమ్మా!"

జయమ్మ నవ్వుతూనే ఉంది. కంచాలు పేర్చే చెయ్యి మాత్రం ఆగింది. "మస్తు వట్టింది" అంది. ఆ మాట అన్నాక నవ్వు కూడా ఆగిపోయింది.

"ఏందే అది? ఇటు రా బిడ్డా" అంది సత్తమ్మ. శృతి దగ్గరికి పోయి నిలబడింది. ముసలామె వేళ్ళు జడల మీదుగా పైకి పోయాయి, కిందికి వచ్చాయి. అంచు పట్టుకుని బొటనవేలితో నలిపాయి.

"ఎవలు వెట్టిన్రు?"

"ఊలు అత్తా" అంది రాధమ్మ. అడిగినదానికి జవాబు అది కాదని ఆమెకూ తెలుసు. "గొంగడసొంటిదే. నువ్వే చెప్తవు గద, ఊలు బట్ట కాదని."

సత్తమ్మ స్వెటర్ అంచు లోపలి వైపు తిప్పి, కుట్టు దగ్గర మిగిలిన దారప్పోగు వెతికి పట్టుకుని పుటుక్కున తెంపింది. పొయ్యిలోంచి ఒక కట్టె కొస లాగి, ఎర్రటి నిప్పుకు ఆ పోగు తాకించింది.

చిన్నప్పటి నుంచి గొర్రెల బొచ్చు దువ్వి, వడికిన చేతులవి. పోగు మండలేదు. ముడుచుకుని, కరిగి, నల్లటి పూసలా గడ్డకట్టింది. కవర్లు తగలబెట్టినప్పుడు వచ్చే వాసన వచ్చింది.

"బొచ్చయితే ఎంటికలు గాలిన వాసన రావాలె. నలిపితే బూడిదై రాలాలె." సత్తమ్మ ఆ పూసను రెండు వేళ్ళ మధ్య నొక్కి చూసింది. అది నలగలేదు. "గిది ఊలు గాదు. బట్ట."

ఒకామె తన పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. రాధమ్మకు మేడ్చల్ దుకాణంలో వేళ్ళకు తగిలిన మెత్తదనం గుర్తొచ్చింది. మధ్యాహ్నానికే ఆరిపోయిన లడి గుర్తొచ్చింది. తెలిసీ తెలియనట్టు పక్కకు తోసిందే అదంతా.

"బట్టయితే ఏంది అవ్వా?" అంది శృతి.

"ఇప్పు బిడ్డా."

"ఎందుకు?"

"ఇప్పుమంటున్న."

పిల్ల రెండు చేతులతో స్వెటర్‌ను గుండెల దగ్గర పట్టుకుంది. అందరి ముఖాల్లోకీ చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జయమ్మ వచ్చి, తల వంచుకుని, పై గుండీ మీద చెయ్యి వేసింది. అత్త మాటకు భయమో, ఇంకేదైనా భయమో. ఒళ్ళో వేసిన బిడ్డను ఎవరైనా తిరిగి అడుగుతారేమోనని ఇన్నేళ్ళు బెదురుతూ వచ్చిన చెయ్యి అది.

గుండీ సగం దాకా బయటికి వచ్చింది.

"నేను వెట్టుడేంది అత్తా?" అంది రాధమ్మ.

మళ్ళీ అంది. "అక్కనే అల్లుమని చెప్పి పంపింది. ఊలు అక్కదే, కొలత అక్కదే. నేను అల్లిచ్చిన, గంతే. దర్జీ లెక్క. దర్జీ కుట్టిస్తే దర్జీ వెట్టినట్టా?"

జయమ్మ తల ఎత్తింది. రాధమ్మ ఆమె వైపు చూడలేదు. నిప్పుల వైపు చూస్తోంది.

"నువ్వే చెప్పినవా అమ్మా?" అంది శృతి.

జయమ్మ పెదవులు కదిలాయి. సగం ఊడిన గుండీని వేలితో తిరిగి లోపలికి నెట్టింది.

"ఆఁ బిడ్డా. నేనే."

"గా ముచ్చట ముందుగాల్ల చెప్పొద్దా?" సత్తమ్మ నల్ల పూసను పొయ్యిలో పడేసి చేతులు దులుపుకుంది. "ఉత్తగ పరేషాన్ జేసిన్రు."

"గదే అనుకున్న. చిన్నమ్మకు ఎట్ల దెలుస్తది నా కొలత!" శృతి ఎగిరి జయమ్మను చుట్టేసుకుంది. జయమ్మ చేతులు పిల్ల వీపు మీదికి వచ్చాయి. పసుపు జడల మీద ఆమె గాజులు గలగలమన్నాయి. రాధమ్మ చూడకూడదనుకుంది. అయినా చూసింది. జయమ్మ మునివేళ్ళు ఆమె ఎడమ మోచేతి మడతలోనే ఆగాయి.

రాధమ్మ లేచి, జయమ్మ వదిలేసిన కంచాలు తీసుకుని బోరు దగ్గరికి పోయింది. ఒక్కో కంచాన్నీ బూడిదతో రెండేసి సార్లు తోమింది.

*

పొద్దు వాలుతుంటే జయమ్మ బస్సు ఆగే చోటు దాకా వచ్చింది. ఎప్పుడూ వాకిలి దగ్గరే ఆగిపోయే మనిషి. పసుపు కుంకుమ పొట్లం, అన్నం టిఫిన్ గిన్నె సంచిలో తనే సర్దింది. రోడ్డు అంచున ఇద్దరూ నిలబడ్డారు. లారీ ఒకటి దుమ్ము లేపుకుంటూ పోయింది.

"కొలత ఎట్ల దెల్సింది రాధా?"

"అందాజ అక్కా."

జయమ్మ కొంగుతో మొహం మీది దుమ్ము తుడుచుకుంది. తుడుచుకుంటూ, కొంగు వెనక నుంచే అంది. "మల్ల ఏడాదికి పెరుగుతది పిల్ల. అప్పుడు కూడ నువ్వే అల్లాలె. కొలత నేను పంపుత."

అందులో జాలి ఉంది. రాధమ్మకు అది వినిపించింది. ఇంకెప్పుడూ నువ్వు కొలవనక్కర లేదన్నదీ వినిపించింది.

"పంపు అక్కా. అల్లుత."

ఊళ్ళోంచి శృతి ఇద్దరు స్నేహితురాళ్ళతో ఉరికొచ్చింది. స్వెటర్ విప్పలేదు. దూరం నుంచే చెయ్యి ఊపుతూ అరిచింది. "చిన్నమ్మా, పోయిరా! వీళ్ళు నమ్ముతలేరు. మా అమ్మనే కొలత చెప్పిందని నువ్వన్న చెప్పు!"

"ఔ బిడ్డా" అంది రాధమ్మ. "మీ అమ్మనే చెప్పింది."

బస్సు వచ్చింది. కిటికీకి అద్దం లేదు. శామీర్‌పేట వైపు నుంచి చెరువు గాలి చల్లగా కొడుతోంది. రాధమ్మ చేతులు కట్టుకుంది. కుడి చెయ్యి తనంతట తానే ఎడమ మోచెయ్యి వెతుక్కుంటూ పోయింది. మధ్యలో ఆపేదేమీ లేదు. వేళ్ళు మడత దాటి, దండచెయ్యి దాటి, భుజం దాకా పోయి అక్కడ పట్టుకున్నాయి.

పక్క సీటులో మేకపిల్లను ఒళ్ళో పెట్టుకున్న ఒకామె ఆ చేతుల వైపు చూసింది.

"సలివెడ్తాంది గద సెల్లే. గీ దినాలల్ల స్వెటర్ దెచ్చుకోవద్దా?"

"ఉండె అక్కా" అంది రాధమ్మ. "ఇచ్చొచ్చిన."